విక్టోరియా కాలపు అమ్మాయి డిటెక్టివ్‌తో నవల రాయడం ఎలా?

విక్టోరియా రాణి కాలం, లండన్, ఇరవయ్యేళ్ల అమ్మాయి, ఒక నేరం. ఈ నాలుగూ పెట్టుకుని తెలుగులో నవల రాద్దామనుకునేవాళ్లు చాలామంది మొదట చేసే పని, ఆ అమ్మాయి దారిలో ఉన్న అడ్డులన్నీ తీసేయడం. ఆమెకు మగవేషం వేయిస్తారు, పోలీసు ఇన్‌స్పెక్టర్‌ని మేనమామను చేస్తారు, చేతికి పిస్తోలు ఇస్తారు. ఇక ఆమె ఎక్కడికైనా వెళ్తుంది, ఎవరినైనా నిలదీస్తుంది. అలాంటి కథ 1878లో జరిగినా మొన్న జరిగినా తేడా ఏముంది?

నేను చెప్పేది దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతి. అడ్డులన్నీ ఉన్నచోటే ఉంచండి. ఆమె అడుగుపెట్టలేని చోట్లు కొన్ని, ఆమె మాత్రమే అడుగుపెట్టగల చోట్లు కొన్ని ఉంటాయి. కథ ఆ రెంటి మధ్య నుంచి రావాలి. ఎలాగో తెలియడానికి ఒక నమూనా కథ అల్లుకుంటూ వెళ్దాం. నచ్చితే అదే తీసుకుని రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ముందు సంవత్సరం తేల్చుకోండి

విక్టోరియా కాలం అంటే 1837 జూన్ నుంచి 1901 జనవరి దాకా. అరవై మూడేళ్ల పైచిలుకు. దాన్నంతా ఒకే ముద్దగా చూస్తే మొదటి అధ్యాయంలోనే దొరికిపోతారు. 1850ల చివర్లో ఆడవాళ్ల గౌను కింద ఉక్కు చట్రం ఉండేది, ఇరుకు గుమ్మంలోంచి రావాలంటే అవస్థే. 1878 వచ్చేసరికి అదే గౌను మోకాళ్ల దగ్గర బిగిసిపోయింది, పెద్ద అంగ వేయడం కుదరదు. 1890లలో అమ్మాయిలు సైకిలెక్కారు. మీ కథలో ఆమె ఎవరినైనా వెంబడించాలంటే, ఏ గౌనులో వెంబడిస్తోందో మీకు ముందే తెలియాలి. అందుకే "పందొమ్మిదో శతాబ్దం చివర్లో" అనుకుని మొదలుపెట్టకండి. ఒక్క ఏడాది ఎంచుకోండి, వీలైతే నెల కూడా.

మన నమూనాకు నేను 1878 సెప్టెంబరు తీసుకుంటున్నాను. లండన్ డిటెక్టివ్ శాఖ పరువు అప్పటికి గంగలో కలిసి ఉంది. 1877లో నలుగురు పెద్ద డిటెక్టివులు మోసగాళ్లతో కుమ్మక్కయ్యారని బోనెక్కారు, వాళ్లలో ముగ్గురికి శిక్ష పడింది. ఆ దెబ్బకు 1878లో శాఖను రద్దు చేసినంత పని చేసి, సీఐడీ పేరుతో కొత్తగా కట్టారు. పోలీసుల మీద నమ్మకం లేని రోజుల్లో జనం బయటివాళ్ల మాట కాస్త వింటారు. మన అమ్మాయికి కావాల్సింది ఆ కాస్త సందే.

రెండోది, 1878 సెప్టెంబరు 3 సాయంత్రం థేమ్స్ నదిలో ప్రిన్సెస్ ఆలిస్ అనే విహార స్టీమర్ వూలిచ్ దగ్గర ఒక బొగ్గు ఓడకు గుద్దుకుని మునిగిపోయింది. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. లండన్ మురుగునీరు నదిలోకి వదిలే చోటుకు దగ్గరలోనే జరిగింది. శవాలు త్వరగా పాడైపోయి, బట్టలను బట్టి, జేబులోని వస్తువులను బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది. ప్రయాణికుల జాబితా అంటూ ఏదీ లేదు. ఎవరూ గుర్తించని నూరుకు పైగా శవాలను వూలిచ్‌లో పూడ్చారు. "చచ్చిపోయాడు" అని అందరూ నమ్మే మనిషి ఒకడు కావాలంటే ఇంతకంటే ఏం కావాలి?

1888 జోలికి మాత్రం మొదటి నవలలో వెళ్లకండి. జాక్ ద రిప్పర్ చేసిన వైట్‌చాపెల్ హత్యలు వచ్చాయంటే మీ కథను అవి మింగేస్తాయి.

ఆమెకు ఒక బతుకుతెరువు చూడండి

ఆడ డిటెక్టివ్ అనేది ఇప్పటి మన ఊహ కాదు. అమెరికాలో కేట్ వార్న్ 1856లోనే పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలో చేరింది. లండన్‌లో 1864 నాటికే స్త్రీ డిటెక్టివులు చెప్పినట్టుగా కథల పుస్తకాలు అచ్చయ్యాయి. 1857లో విడాకుల చట్టం వచ్చాక ప్రైవేటు విచారణ సంస్థలు పుట్టుకొచ్చాయి, భార్యాభర్తల మీద నిఘాకు ఆడవాళ్లను కూడా పెట్టుకున్నాయి. పోలీసు శాఖలో మాత్రం ఆడవాళ్లకు ఉద్యోగం లేదు. పట్టుబడిన ఆడవాళ్ల ఒళ్లు తడమడానికి కానిస్టేబుళ్ల భార్యలను పిలిచేవారు, అంతే. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులోకి స్త్రీలు వచ్చింది 1919లో.

కాబట్టి మీ అమ్మాయి వేరే పని ఏదో చేస్తూ, ఆ పని వల్లే నేరం మీద పడాలి. గవర్నెస్ (పెద్దిళ్లలో ఉండి పిల్లలకు చదువు చెప్పే అమ్మాయి), నర్సు, పనిపిల్ల, టోపీలు కుట్టే అమ్మాయి, ఇలా చాలా ఉన్నాయి. టైపిస్టు కావాలంటే 1880ల దాకా ఆగండి. ఖాళీగా ఉన్న జమీందారు కూతుర్ని మాత్రం పెట్టకండి. ఆమెకు తీరికే తప్ప అవసరం ఉండదు.

నేనైతే టెలిగ్రాఫ్ ఆఫీసు అమ్మాయిని తీసుకుంటాను. బ్రిటన్‌లో తంతి వ్యవస్థ 1870లో పోస్టాఫీసు చేతికి వచ్చింది. అక్కడ అమ్మాయిలు వందల సంఖ్యలో పనిచేశారు. రోజంతా ఊరందరి రహస్యాలు ఆమె వేళ్ల మీదుగా వెళ్తాయి. కాని ఒక టెలిగ్రాంలో ఏముందో బయటికి చెప్పడం నేరం. ఉద్యోగం పోవడమే కాదు, శిక్ష కూడా పడుతుంది.

కథ అక్కడే రాజుకుంటుంది. ఆమెకు నిజం తెలుసు. చెప్పడానికి వీల్లేదు. ఆ నిజాన్నే ఇంకో దారిలో, ఎవరైనా చూడగల సాక్ష్యంతో, మొదటి నుంచి నిరూపించుకుంటూ రావాలి. డిటెక్టివ్ కథకు ఇంతకంటే మంచి ఇరుకు దొరకదని నా అభిప్రాయం.

నేరం ఆ కాలానిదే అయి ఉండాలి

ఏ కాలంలోనైనా జరగగల హత్యకు చారిత్రక నవల అక్కర్లేదు. ఆ ఏటి చట్టం, ఆ ఏటి డబ్బు, ఆ ఏటి వార్త కలిస్తేనే జరిగే నేరం వెతకండి.

1876-78లో మద్రాసు రాజధానిని పెద్ద కరువు పట్టింది. మన రాయలసీమలో ధాత కరువు అని చెప్పుకునేది దాన్నే. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. 1877లో లండన్ మేయర్ తన అధికార నివాసం మాన్షన్ హౌస్‌లో సహాయ నిధి తెరిచారు. ఇంగ్లండ్ నలుమూలల నుంచీ చందాలు వచ్చాయి. ఇంతవరకూ చరిత్ర. ఇక్కడి నుంచి మన కల్పన.

ఉత్తర లండన్‌లో ఇస్లింగ్టన్ ప్రాంతం. ఒక చర్చి కమిటీ కరువు నిధికి చందాలు పోగుచేసింది. కోశాధికారి ఊళ్లో పెద్దమనిషి. లెక్క అడిగే వేళకు ఆయన ప్రిన్సెస్ ఆలిస్‌లో మునిగిపోయాడని కబురొచ్చింది. భార్య వెళ్లి శవాన్ని గుర్తుపట్టింది. పెట్టె తెరిస్తే డబ్బు లేదు. నింద కమిటీ దగ్గర పద్దులు రాసే కుర్ర గుమాస్తా మీద పడింది, అతన్ని జైల్లో పెట్టారు. చచ్చిపోయిన పెద్దమనిషిని ఎవరు అనుమానిస్తారు? ఆ సానుభూతి గాలిలో కుర్రాడి మాట వినేవాడే లేడు.

ఓడ మునిగిన రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 5న, మన అమ్మాయి పనిచేసే ఆఫీసుకు లివర్‌పూల్ నుంచి ఆ ఇంటికి ఒక టెలిగ్రాం వచ్చింది. "అత్తయ్య క్షేమంగా చేరింది" అన్నట్టు ఏదో మామూలు మాట. కాని అందులో కోశాధికారి తన ప్రతి టెలిగ్రాంలోనూ వాడే ఒక వింత పదం ఉంది. అది ఆమె చేతి మీదుగా ఎన్నోసార్లు వెళ్లిన పదం.

తీగ మీద వచ్చిన సందేశంలో చేతిరాత ఉండదు. చేతిరాత ఉన్న అసలు ఫారం లివర్‌పూల్ ఆఫీసులో ఉంటుంది. అలాంటి ఫారాలను కొన్ని నెలలు దాచి, తర్వాత నాశనం చేసేవారు. ఇదిగో మీకు గడువు దొరికింది. కుర్రాడి విచారణ నవంబరులో పెట్టండి, ఫారం గడువు ఆ దగ్గర్లోనే తీరిపోయేలా చూసుకోండి. పాఠకుడికి టెన్షన్ కావాలంటే చీకట్లో కత్తి కంటే ఇదే బాగా పనిచేస్తుంది.

హత్య లేదే అని బెంగపడకండి. కావాలనిపిస్తే మధ్యలో ఒకటి వస్తుంది. నిర్దోషి ఒకడు జైల్లో ఉంటే చాలు, కథ నడుస్తుంది.

మన కరువు డబ్బు ఉంది కదా అని లండన్‌లో తెలుగువాళ్లను బలవంతాన దింపకండి. పాత్ర నిజంగా అవసరమైతే దారి ఉంది. దొరల పిల్లలతో ఓడెక్కి వచ్చిన ఆయాలు, ఓడల్లో పనిచేసే లాస్కర్లు ఆ నగరంలో ఉండేవారు. ఆసియా నావికుల కోసం లైమ్‌హౌస్‌లో 1857లోనే ఒక వసతి గృహం పెట్టారు. మద్రాసు నుంచి వచ్చిన ఆయా ఒకామె, తన ఊరివాళ్ల పేరు మీద పోగైన డబ్బు ఎటు పోయిందని అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకు బరువు ఉంటుంది. భారతదేశపు వజ్రం, దానికో శాపం మాత్రం వద్దు బాబూ.

రెండు జాబితాలు రాసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. దీనికి ఓ పూట కేటాయించండి.

మొదటి జాబితాలో ఆమెకు మూసి ఉన్న తలుపులు. మగవాళ్ల క్లబ్బు. బ్యాంకు మేనేజరు గది, వెళ్లినా తోడుగా మగమనిషి ఎవరని అడుగుతారు. జ్యూరీ బల్ల, అందులో ఆడవాళ్లు కూర్చోవడానికి 1919 చట్టం రావాలి. అనుమానాస్పద మరణాల మీద కరోనర్ విచారణలు తరచూ పబ్బుల్లో జరిగేవి. పరువు గల అమ్మాయి అక్కడికి ఒంటరిగా వెళ్తే వీధంతా చెప్పుకుంటుంది. ఇక రాత్రి వీధి. మన కథలో ఇది ఉత్త ఇబ్బంది కాదు, ప్రమాదం. అంటురోగాల చట్టాలని 1864 నుంచి కొన్ని సైనిక పట్టణాల్లో అమలయ్యాయి. మామూలు బట్టల్లో తిరిగే పోలీసులు ఏ ఆడమనిషినైనా వేశ్య అని అనుమానిస్తే బలవంతపు వైద్య పరీక్షకు పంపించవచ్చు. ఆ పట్టణాల్లో వూలిచ్ ఒకటి. చట్టాలు రద్దయింది 1886లో. అంటే మన అమ్మాయి శవాల సంగతి ఆరా తీయడానికి వూలిచ్ వెళ్లి, సాయంత్రం రైలు తప్పిపోతే ఏం జరగవచ్చో ఆలోచించండి. విలన్ అక్కర్లేదు, చట్టమే చాలు.

రెండో జాబితాలో ఆమెకు మాత్రమే తెరుచుకునే తలుపులు. ఇది రాయడంలోనే చాలామంది బద్ధకిస్తారు. వంటింటి వెనక గుమ్మం. చాకలి ఇల్లు. టోపీల కొట్టు వెనక గది. ప్రసవం జరిగిన గది. రైల్లో ఆడవాళ్ల పెట్టె. ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ వాళ్ల టీ దుకాణాలు, ఎవరి తోడూ లేకుండా ఆడవాళ్లు కూర్చోగలిగిన కొద్ది చోట్లలో అవి ఉన్నాయి. కొత్తగా విధవ అయిన ఆమె ముందు గది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు అక్కడ ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఇన్‌స్పెక్టరు మాత్రం టోపీ చేత్తో పట్టుకుని అయిదు నిమిషాల్లో లేవాల్సిందే.

విధవ వేషం గురించి ఒక మాట. అప్పటి ఇంగ్లండులో భర్త పోయిన స్త్రీ రెండేళ్లకు పైగా నలుపు కట్టాలి. మొదటి ఏడాది మెరుపు లేని క్రేప్ గుడ్డ, మొహం మీద ముసుగు. ఈ బట్టలకే లండన్‌లో ప్రత్యేకంగా పెద్ద దుకాణాలుండేవి, రీజెంట్ స్ట్రీట్‌లో 1841లో తెరిచిన జే వారి దుకాణం వాటిలో పేరున్నది. ముసుగు వేసుకున్న విధవను ఎవరూ తేరిపార చూడరు, పేరు అడగరు. మీ అమ్మాయికి మారువేషం కావాలంటే మగవాడి కోటు కాదు, అద్దెకు తెచ్చిన ఈ నల్ల ముసుగు ఇవ్వండి.

రెండు జాబితాలూ అయ్యాక, ప్రతి అధ్యాయానికీ మొదటి దాంట్లోంచి ఒక తలుపు, రెండో దాంట్లోంచి ఒక తలుపు తీసుకోండి. ఒకటి మూసుకున్నప్పుడు ఇంకోటి వెతుక్కోవడమే ఆ అధ్యాయం.

ఆధారం ఎక్కడ దాచాలి

1860లో విల్ట్‌షైర్‌లో రోడ్ హిల్ హౌస్ అనే ఇంట్లో మూడేళ్ల పసివాడిని చంపేశారు. లండన్ పోలీసు ప్రధాన కార్యాలయం స్కాట్లండ్ యార్డ్ నుంచి వచ్చిన డిటెక్టివ్ జాక్ విచర్ పట్టుకున్నది ఒకటే ముక్క: పదహారేళ్ల సవతి అక్క కాన్‌స్టన్స్ కెంట్ రాత్రి గౌన్లలో ఒకటి తక్కువైంది. చాకలి బుట్టకు, చాకలి లెక్కకు మధ్య అది మాయమైంది. పెద్దింటి ఆడపిల్ల లోదుస్తుల గురించి ఒక పోలీసువాడు మాట్లాడతాడా అని దేశం దేశమంతా విచర్ మీద విరుచుకుపడింది. ఆమెను వదిలేశారు. 1865లో ఆమే నేరం ఒప్పుకుంది.

ఈ కేసు ప్రతి రచయితా శ్రద్ధగా చదవాలి. విచర్ తెలివి సరిపోయింది, ఆయనకు ఆ చాకలి గదిలో నిలబడే హక్కు లేకపోయింది. ఆ హక్కు ఉన్న మనిషి మీ అమ్మాయి.

మన నాయనమ్మలు చాకలి పద్దు రాసుకున్నట్టే ఆ ఇళ్లలోనూ రాసేవారు. బట్టల అంచున ఎర్ర దారంతో పొడి అక్షరాలు, వరస అంకె కుట్టేవారు. ఇప్పుడు మన కోశాధికారికి డజను చొక్కాలున్నాయి, ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలతో. భార్య పొదుపు మనిషి. ఆయన పోయాక బట్టలన్నీ ఉతికించి అమ్మేద్దామనుకుంది. మన అమ్మాయి అద్దెకుండే ఇంటి యజమానురాలికి ఒక చెల్లెలు ఉంది, ఆమె ఇల్లిల్లూ తిరిగి బట్టలు తెచ్చి ఉతుకుతుంది. ఆ సీను ఇలా రాయవచ్చు:

"ఆ ఇంటి పని ఇక పోయినట్టే అమ్మాయిగారూ. నిన్ననే ఆఖరి మూట ఇచ్చేశాను."

"అయ్యగారి బట్టలు కూడానా?"

"అన్నీ. చొక్కాలే డజను. ఇస్త్రీ పెట్టేసరికి నడుం పడిపోయింది."

"డజనా? సరిగ్గా లెక్కపెట్టావా?"

"లెక్క తప్పితే నా కూలిలో కోస్తుంది ఆవిడ. ఒకటి నుంచి పన్నెండు, వరసగా మడతపెట్టా." ఆమె గంజి చేతులు తుడుచుకుంటూ ఆగింది. "అవునూ... పన్నెండూ నా చేతికే వచ్చుంటే, మునిగినాయన ఏం తొడుక్కుని మునిగాడు?"

గమనించారా, ప్రశ్న డిటెక్టివ్ నోట రాలేదు. చాకలామె నోట వచ్చింది. అన్నీ హీరోయినే కనిపెట్టాలని పట్టుపట్టకండి. ఎవరి మాట ఎక్కడ వినాలో తెలియడమే ఆమె తెలివి. ఇంకోటి, ఈ ఆధారానికి టెలిగ్రాంతో సంబంధం లేదు. ఆమె దీన్ని పట్టపగలు, ఎవరి ముందైనా చెప్పవచ్చు.

పాఠకుడికి ఈ ఆధారం ముందే కనపడాలి. రెండో అధ్యాయంలో చాకలి మూట గుమ్మంలో ఉంచండి, పద్దు పుస్తకం ఎవరో తీస్తున్నట్టు ఒక వాక్యం రాయండి, అక్కడితో వదిలేయండి.

సైన్సు ఎంతవరకు వచ్చిందో చూసుకోండి

వేలిముద్రలు వద్దు. విలియం హెర్షెల్ 1858లో బెంగాల్‌లో కాంట్రాక్టు కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు, హెన్రీ ఫాల్డ్స్ 1880లో నేరస్థులను ఇలా పట్టవచ్చని రాశాడు. కాని స్కాట్లండ్ యార్డ్‌లో వేలిముద్రల విభాగం మొదలైంది 1901లో, అదీ కలకత్తాలో 1897లో పెట్టిన తర్వాత. రక్తం మనిషిదో జంతువుదో కచ్చితంగా చెప్పే పరీక్ష కూడా 1901దే. మాంసం కోసేటప్పుడు పడిన మరక అని హంతకుడు 1878లో ధైర్యంగా చెప్పవచ్చు.

విషాల్లో ఆర్సెనిక్‌కు అప్పటికే పరీక్ష ఉంది, 1836 నాటి మార్ష్ పరీక్ష. 1851 చట్టం ప్రకారం ఆర్సెనిక్ కొన్నవాళ్లు రిజిస్టరులో సంతకం చేయాలి, చిన్న మొత్తాల్లో అమ్మేదానికి మసో నీలిమందో కలపాలి. ఈ రిజిస్టరు మంచి ఆధారం, మంచి ఉచ్చు కూడా. 1857లో ఎడిన్‌బరాలో మాడెలిన్ స్మిత్ మీద ప్రేమికుణ్ణి చంపిందన్న కేసు నడిచినప్పుడు ఆమె ఆర్సెనిక్ కొన్న సంగతి కోర్టులో తేలింది, అయినా "రుజువు కాలేదు" అన్న తీర్పుతో బయటపడింది. ఆ రోజుల్లో పచ్చరంగు గోడకాగితంలో, కాగితపు పువ్వుల్లో కూడా ఆర్సెనిక్ ఉండేది. 1861లో లండన్‌లో కృత్రిమ పువ్వులకు పచ్చపొడి అద్దే పంతొమ్మిదేళ్ల మటిల్డా ష్యూరర్ ఆ విషంతోనే చనిపోయింది. అంటే శవంలో ఆర్సెనిక్ దొరికిందంటే హత్యే అని తేల్చడానికి లేదు. మీకు విషం కథ కావాలంటే ఈ మెలిక పట్టుకోండి.

ఉత్తరం, తంతి, రైలు, డబ్బు

లండన్ నడిబొడ్డున ఉత్తరాలు రోజుకు చాలాసార్లు పంచేవారు. పొద్దున రాస్తే మధ్యాహ్నానికి జవాబు రావచ్చు. కాబట్టి "ఉత్తరం అందేసరికి వారం పట్టింది" అని రాయకండి. 1878లో ఇరవై మాటల టెలిగ్రాం ఒక షిల్లింగు, ఆపైన ప్రతి అయిదు మాటలకు మూడు పెన్నీలు. పన్నెండు పెన్నీలు షిల్లింగు, ఇరవై షిల్లింగులు పౌను. డాక్టరుకు, లాయరుకు ఇచ్చేది మాత్రం గినీల్లో, అంటే ఇరవై ఒక్క షిల్లింగులు. ఇంటెడు చాకిరీ ఒక్కతే చేసే పనిపిల్లకు తిండీ పడకా పెట్టి ఏడాదికి పది పౌన్ల చుట్టుపక్కల ఇచ్చేవారు. షిల్లింగు టెలిగ్రాం ఆమెకు రెండు రోజుల జీతం అన్నమాట. ఈ లెక్క మనసులో ఉంటే ఎవరు ఎప్పుడు టెలిగ్రాం ఇస్తారో, ఎవరు ఇవ్వరో మీకే తెలిసిపోతుంది.

తంతి నేరస్థుణ్ణి పట్టించిన కథ ఒకటి మన అమ్మాయి ఆఫీసులో పాతవాళ్లు చెప్పుకునేలా పెట్టండి. 1845 జనవరి 1న జాన్ టావెల్ అనేవాడు స్లవ్ దగ్గర ఒకామెకు విషం పెట్టి రైలెక్కాడు. అతని క్వేకర్ వేషం (క్వేకర్లు ఒక క్రైస్తవ శాఖవాళ్లు) గురించి తంతి ముందే లండన్‌లోని పాడింగ్టన్ స్టేషను చేరింది. ఆ యంత్రంలో క్యూ అక్షరం లేక ఆ మాటను కే అక్షరంతో తప్పుగా కొట్టారు. అవతలి గుమాస్తా మొదట తికమకపడ్డాడు, కాని మనిషి దొరికాడు, ఉరిశిక్ష పడింది.

రైలు పెట్టెలకు అప్పట్లో లోపల నడవా ఉండదు. స్టేషను నుంచి స్టేషను దాకా పెట్టెలో ఉన్నవాళ్లతో బందీయే. 1864లో థామస్ బ్రిగ్స్ అనే బ్యాంకు ఉద్యోగిని ఇలాగే రైల్లో కొట్టి చంపారు. హంతకుడు ఫ్రాంజ్ ముల్లర్ వదిలిపోయిన టోపీయే అతన్ని పట్టించింది. మన అమ్మాయి లండన్ బ్రిడ్జి నుంచి వూలిచ్ రైలెక్కి, ఆడవాళ్ల పెట్టె నిండిపోయిందని తెలుసుకున్న క్షణం రెండు పేజీలు రాయదగ్గది.

పొగమంచు పుస్తకం మొత్తానికి ఒక్కసారి చాలు. సెప్టెంబరులో అయితే అసలు వద్దు, నవంబరు దాకా దాచుకోండి.

ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారు

ఇంగ్లీషు పాత్రలు తెలుగులో మాట్లాడేటప్పుడు గ్రాంథికంలోకి జారకండి. వరసలు మాత్రం గట్టిగా పట్టుకోండి. స్మిత్ గారింట్లో పెద్దమ్మాయి మిస్ స్మిత్, చిన్నమ్మాయి మిస్ మేరీ స్మిత్. పెద్దామెకు పెళ్లయిన మర్నాటి నుంచి మేరీయే మిస్ స్మిత్ అయిపోతుంది. వంటామె పెళ్లికాకపోయినా మిసెస్. బట్లర్‌ను ఇంటిపేరుతో పిలుస్తారు. పనిపిల్లకు యజమానురాలు తనకు నచ్చిన పేరు పెట్టేయడం కూడా ఉండేది. అంటే ఒక ఇంట్లో జేన్ అయిన పిల్ల ఇంకో ఇంట్లో మేరీ కావచ్చు, మీ డిటెక్టివ్ తప్పు మనిషి వెనక వెళ్లవచ్చు.

మనకు నువ్వు, మీరు ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు రచయితకు లేని సౌకర్యం మన చేతిలో ఉంది. ఇన్‌స్పెక్టరు మన అమ్మాయిని మొదట "నువ్వు" అంటాడు. ఏ అధ్యాయంలో "మీరు"లోకి మారాడో పాఠకుడు తానే పట్టుకుంటాడు, మీరు వివరించకండి.

ఆమె చేత స్త్రీ స్వేచ్ఛ మీద ఉపన్యాసాలు ఇప్పించకండి. 1870 చట్టంతో భార్య సంపాదన ఆమెదైంది, మిగతా ఆస్తిలో చాలావరకు 1882 చట్టం దాకా భర్తదే. ఆ సంగతి ఉపన్యాసంలో కాకుండా ఒక బ్యాంకు కాగితం మీద భర్త సంతకం అడిగే సీనులో చెప్పండి.

కోర్టు సీను

ఇక్కడ మన సినిమా కోర్టులు మర్చిపోండి. 1898 దాకా మామూలుగా ముద్దాయి తన కేసులో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. బోనులో నిలబడి అంతా వినాల్సిందే. మన గుమాస్తా కుర్రాడు నోరు విప్పలేడు, మన అమ్మాయి విప్పితే తనే నేరస్థురాలు. కాబట్టి ఆమె చేయగలిగింది, చాకలి పద్దు పట్టుకుని డిఫెన్సు లాయరు దగ్గరికి వెళ్లడం. చొక్కాల లెక్క వింటే లాయరుకు మిగతా ప్రశ్న దానంతట అదే రావాలి: మనిషి బతికుంటే భార్యకు కబురు పంపకుండా ఉంటాడా? అప్పుడు కోర్టు ద్వారా టెలిగ్రాంలు తెప్పించమని ఆయనే అడుగుతాడు. ఆమె ఒక్క ముక్క బయటపెట్టకుండానే ఫారం లండన్ వస్తుంది. ఆ గదిలో ఆమె మౌనంగా కూర్చున్న తీరు మీద మీ శక్తి అంతా పెట్టండి. పుస్తకంలో అదే పెద్ద సీను.

పేపర్లలో ఆమె పేరు రాకపోవడమే సహజం. లాయరుకు పేరొస్తుంది, సీఐడీకి పేరొస్తుంది. చాకలామెకు ఏం వచ్చిందో ఒక పేరా రాయండి, మంచి ఖాతా ఒకటి పోయింది కదా పాపం.

ఎక్కడ చదవాలి, చివర్లో ఏం సరిచూడాలి

ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల రికార్డులు 1674 నుంచి 1913 దాకా ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. పనిమనుషులు, చాకళ్లు, కానిస్టేబుళ్లు సాక్ష్యం చెప్పిన తీరు అందులో చదవండి. పది నవలలు చదివినా రాని మాట అక్కడ దొరుకుతుంది. వీధుల కోసం స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం సైటులో పాత సర్వే మ్యాపులున్నాయి. ఇంటిపని, జీతాల కోసం 1861లో పుస్తకంగా వచ్చిన మిసెస్ బీటన్ గృహ నిర్వహణ గ్రంథం ఉచితంగా దొరుకుతుంది. చార్లెస్ బూత్ పేదరికపు మ్యాపులు అద్భుతం, కాని అవి 1889 తర్వాతివి, 1878కి గుడ్డిగా వాడకండి.

చదవడం మొదలుపెడితే అంతు ఉండదు. రెండు జాబితాలు, నేరం, ఆధారం తేలగానే రాయడం మొదలుపెట్టేయండి. తెలియని చోట ఖాళీ వదిలి ముందుకెళ్లండి.

మొదటి ప్రతి అయ్యాక ఒక్క పని కోసమే మొత్తం తిరిగి చదవండి: 1878కి లేని వస్తువులు. ఇంట్లో కరెంటు దీపం ఉందా? తీసేసి గ్యాసు దీపమో కొవ్వొత్తో పెట్టండి. టెలిఫోన్ మోగిందా? లండన్‌లో మొదటి ఎక్స్ఛేంజి 1879లో వచ్చింది. ఎవరైనా షెర్లాక్ హోమ్స్ పేరెత్తారా? ఆయన పాఠకులకు పరిచయమైంది 1887లో. చేతిసంచిలో చిన్న కెమెరా ఉందా? కోడాక్ 1888ది. చివరగా టెలిగ్రాంలన్నిట్లో మాటలు లెక్కపెట్టండి. ఇరవై దాటితే ఆ మూడు పెన్నీలు కౌంటరు దగ్గర ఎవరు ఇచ్చారో కూడా రాయండి.